సిమిలిగుడ చలిలో పెరటి కూరలు: మైదానం పంచాంగం ఇక్కడ చెల్లదు

ఒడిశాలోని కొరాపుట్ కొండల మీద, ఈ సిమిలిగుడ చలిలో పెరటి కూరలు పండుతాయా అని అడిగారు. పండుతాయమ్మా, నిక్షేపంగా పండుతాయి. ఒక్కసారి ఇక్కడికి దగ్గర్లోని కుందులి సంతకి వెళ్ళి చూడండి. కొండల మీంచి దిగిన క్యాబేజీ, కాలీఫ్లవరు, అల్లం, టమాటా గుట్టలు చూశాక ఈ అనుమానం మీకు మళ్ళీ రాదు. అక్కడ లారీకెక్కిన సరుకు ఘాటీ దిగి విజయనగరం, విశాఖపట్నం చేరుతుంది. అనకాపల్లిలో మీరు వండుకున్న క్యాబేజీ కూడా ఈ కొండగాలి పీల్చినదే అయ్యుండొచ్చు.

మీరు చెప్పినవి ముందు వరసగా పెట్టుకుంటాను. నవంబరు మొదటివారంలో అనకాపల్లి నుంచి సిమిలిగుడ వచ్చారు. ఇంటి వెనక మూడు సెంట్ల జాగా ఉంది. వచ్చిన పదిరోజుల్లో బెండ, గోంగూర, తోటకూర, కొత్తిమీర గింజలు వేశారు, టమాటా నారు కొని నాటారు. బెండ సగం మొలవలేదు, మొలిచింది బెత్తెడు దాటలేదు. గోంగూర జానెడు ఎత్తులోనే పూత పట్టింది. కొత్తిమీర ఇరవై రోజులకి గానీ తల ఎత్తలేదు. టమాటా ఆకులు డిసెంబరు చివర్లో నల్లబడ్డాయి. అక్కడి నుంచి తెచ్చుకున్న కరివేపాకు కుండీ ఆకులు రాలుస్తోంది. ఏ మందు కొట్టాలని అడిగారు.

ఈ అయిదింటిలో నాలుగింటికి మందు లేదు. వాటికి రోగం లేదు కాబట్టి. మీరు విత్తనాలతో పాటు అనకాపల్లి పంచాంగం కూడా తెచ్చుకున్నారు, అంతే. నేనూ 1993లో బొబ్బిలి నుంచి ఇక్కడికి కాపురానికి వచ్చినప్పుడు ఇదే చేశాను. కార్తీకంలో బెండ వేసి, మొలవలేదని మళ్ళీ వేసి, మూడోసారి కూడా వేసి, చివరికి ఆ విత్తనాలమ్మినాయన్ని తిట్టుకున్నాను. పాపం, ఆయన తప్పేం లేదు.

ముందు ఈ చలి ఎలాంటిదో తెలియాలి. సిమిలిగుడ సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. వెయ్యి మీటర్లు పైకి వెళ్తే ఆరు, ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. అంటే మీ అనకాపల్లి కన్నా ఇక్కడ ఎప్పుడూ ఓ ఆరు డిగ్రీలు తక్కువే. అంతవరకైతే పెద్ద తేడా కాదు. అసలు తేడా రాత్రిళ్ళది. సముద్రం దగ్గర రాత్రి గాలిలో తేమ దుప్పటిలా కప్పుకుని ఉంటుంది. ఇక్కడ పుష్యమాసంలో ఆకాశం తేటగా ఉంటే నేలలోని వేడంతా పైకి ఎగిరిపోతుంది. పగలు 24, 25 డిగ్రీల ఎండ కాసిన చోటే తెల్లవారేసరికి అయిదారు డిగ్రీలకి దిగుతుంది. పొట్టంగి వైపు, దేవమాలి కొండ పాదాల్లో ఇంకా తక్కువ. గడ్డి మీద మంచు ఉప్పు చల్లినట్టు తెల్లగా పేరుకునే తెల్లవారుజాములు కూడా కొన్ని వస్తాయి.

డిసెంబరు పదిహేను నుంచి జనవరి చివరి దాకా ఇక్కడ మొక్క పెరగదు, నిలబడుతుంది. నా ముప్పై ఏళ్ళ అనుభవం అంతా ఈ ఒక్క మాటే. కాబట్టి చలికాలపు పంట వేయడమంటే చలికాలంలో వేయడం కాదు. చలి ముదిరే లోపల మొక్కకి ఒళ్ళు వచ్చేటట్టు వేయడం. ఒళ్ళొచ్చిన క్యాబేజీ, క్యారెట్, బఠాణీ, పాలకూర అయిదు డిగ్రీల రాత్రిని లెక్కచేయవు. నాలుగాకుల మీద చలికి చిక్కిన మొక్క జనవరి అంతా అలా బొమ్మలా ఉండిపోతుంది. మా పక్కింట్లో ఇక్కడి పరజ తెగ ముసలామె ఒకామె ఉండేది. ఆమె బాడిలో, అంటే మన పెరడే, దసరా వెళ్ళాక కొత్తగా గింజ పడేది కాదు, వెల్లుల్లి, బఠాణీ తప్ప. నాకు అప్పట్లో అది చాదస్తం అనిపించేది.

ఇప్పుడు మీ మొక్కల సంగతి.

బెండ గింజ మొలవాలంటే నేల కనీసం 20 డిగ్రీలు ఉండాలి. 25 దాటితే వారంలో మొలుస్తుంది. నవంబరు నడిమికి ఇక్కడి నేల తెల్లవారి అంత ఉండదు. గింజ తడి పీల్చుకుంటుంది, మొలవదు, కుళ్ళుతుంది. మొలిచిన నాలుగూ కూడా పీకేయండి, వాటి మీద ఆశ వద్దు. శివరాత్రికి చలి శివశివా అని పోతుందంటారు కదా, బెండకి ఇక్కడ అదే ముహూర్తం. రాత్రంతా గింజ నానబెట్టి, ఎండ బాగా పడే మడిలో అప్పుడు వేయండి. ఆనప, బీర, దోస, బరబాటి (అలసంద), తోటకూర, బచ్చలి అన్నీ ఆ జట్టువే.

గోంగూర మాత్రం చలి వల్ల పూయలేదు. అది పగటి నిడివి చూసుకుని పూసే మొక్క. పగలు పన్నెండు, పన్నెండున్నర గంటల కన్నా తగ్గితే పూతకి వచ్చేస్తుంది. డిసెంబరులో మన దగ్గర పగలు పదకొండు గంటలే. జూన్లో పదమూడు దాటుతుంది. అనకాపల్లిలో నవంబరులో వేసినా అది పూస్తుంది, కాకపోతే అక్కడి వెచ్చదనానికి మోకాలెత్తు ఎదిగి నాలుగు కట్టలు ఇచ్చి పూస్తుంది కాబట్టి మనం గమనించం. ఇక్కడ ఎదుగుదల లేదు, పూత ఒక్కటే మిగిలింది. యూరియా నీళ్ళు పోశానన్నారు. దానికి పోసినా ఒకటే, మురిక్కాలవలో పోసినా ఒకటే. మళ్ళీ మార్చి నుంచి ఆగస్టు లోపల వేసుకోండి.

కొత్తిమీరకి చలి శత్రువు కాదు, చుట్టం. మొలక ఆలస్యం అవుతుంది, అంతే. ధనియాలని చెప్పు కిందో రోకలి కిందో మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి, ఒక రాత్రి నానబెట్టి, నీడన ఆరనిచ్చి వేస్తే వారం పదిరోజులు కలిసొస్తుంది. ఒకసారి అందుకుందంటే ఇక్కడి కొత్తిమీర మైదానంలోలా నెలకే పూతకి పోదు. కాడ లావుగా వస్తుంది, ఆకు వెడల్పుగా వస్తుంది, వాసన చేతికి పట్టుకుంటుంది. పదిహేను రోజులకోసారి ఒక చారెడు వేస్తూ ఉంటే సెప్టెంబరు నుంచి మార్చి దాకా కొననక్కర్లేదు.

టమాటా దగ్గర ఆగాలి. నల్లబడటంలో రెండు రకాలున్నాయి, మీది ఏదో మీరే చూసి తేల్చుకోవాలి. ఒకే తెల్లవారుజామున, మొక్క పై భాగంలోని ఆకులన్నీ వేడినీళ్ళు పోసినట్టు వడలి నల్లబడితే అది చలి దెబ్బ. అలా కాక, కింది ఆకుల అంచున నీళ్ళలో నానినట్టు మచ్చ మొదలై, రెండు మూడు రోజుల్లో గోధుమ నలుపుగా పాకుతూ, పొద్దున్నే ఆకు తిరగేసి చూస్తే మచ్చ అంచున తెల్లటి నూగు కనిపిస్తే, కాడల మీద కూడా గోధుమ చారలు ఉంటే అది లేట్ బ్లైట్. బంగాళదుంపకీ టమాటాకీ ఇద్దరికీ వచ్చే తెగులు. 10 నుంచి 20 డిగ్రీల చల్లదనం, ఆకు మీద గంటల తరబడి ఆరని తడి, ఈ రెండూ దానికి కావాలి. మన పొగమంచు రోజులు దానికి పండగ.

ఈ ఊళ్ళో మనకి శత్రువులు ఇద్దరనీ, ఇద్దరూ ఒకేసారి రారనీ గుర్తుపెట్టుకోండి. చుక్కలు మిలమిలా కనిపించే రాత్రి చలి చంపుతుంది. చుక్కలు కనిపించని, పొగమంచు పది గంటల దాకా విడవని రోజు తెగులు చంపుతుంది. మబ్బు ఉన్న రాత్రి మొక్కకి దుప్పటి అక్కర్లేదు. తేటగా ఉన్న రాత్రి మందుతో పని లేదు.

తెగులే అయితే, పట్టిన కొమ్మలు కోసి కాల్చేయండి లేదా లోతుగా పాతిపెట్టండి. ఎరువు గుంటలో వేయకండి. సగానికి పైగా పట్టిన మొక్కని మొహమాటం లేకుండా పీకేయండి. మిగిలినవాటికి మాంకోజెబ్ అనే తెగులు మందు లీటరు నీటికి రెండున్నర గ్రాములు కలిపి, ఆకు అడుగున కూడా తడిసేలా కొట్టండి, పొగమంచు సాగుతుంటే వారం పదిరోజులకి మళ్ళీ. ఇది రాకుండా ఆపే మందు, వచ్చినదాన్ని నయం చేసేది కాదు. కొట్టాక కనీసం వారం కాయ కోయకండి, కోసినా బాగా కడగండి. మాంకోజెబ్ వద్దనుకుంటే బోర్డో మిశ్రమం. మైలుతుత్తం పది గ్రాములు అర లీటరులో ఒకచోట, సున్నం పది గ్రాములు అర లీటరులో ఇంకోచోట ప్లాస్టిక్ బక్కెట్లలో కరిగించి, తుత్తం నీళ్ళని సున్నపు నీళ్ళలోకి పోస్తూ కలపాలి. మెరుగు పెట్టిన ఇనప చాకు ముంచి చూడండి, ఎర్రటి రాగి పూత పట్టిందంటే సున్నం చాలలేదని. కలిపిన రోజే కొట్టేయాలి.

చలి దెబ్బే అయితే ఏమీ చేయకండి. నల్లబడ్డ ఆకుల్ని కూడా ఫిబ్రవరి వరకు అలాగే ఉంచండి, కింది భాగానికి అవే గొడుగు. అయితే ఈ మొక్కల నుంచి కాపు పెద్దగా ఆశించకండి. రాత్రి 13 డిగ్రీల కంటే తగ్గితే టమాటా పూత పుప్పొడి సరిగా పనిచేయదు, పువ్వు కాడ దగ్గర పసుపెక్కి రాలిపోతుంది. ఇక్కడ టమాటాకి రెండు దారులు. ఆగస్టు చివర్లో నారు పోసి, సెప్టెంబరు చివరికి నాటి, డిసెంబరు నడిమికి కాయలు కట్టించడం ఒకటి. ఇప్పుడు, జనవరిలో, వెచ్చని మూల కప్పు కింద నారు పోసి, ఫిబ్రవరి ఆఖర్లో నాటడం రెండోది. ఈ సంవత్సరానికి మీకు రెండోదే మిగిలింది.

ఇంకొకటి. క్యాబేజీ, టమాటా నారు ఆకుల అడుగున ఊదారంగు తిరిగితే కంగారుపడి భాస్వరం కోసం డీఏపీ ఎరువు వేయకండి. చల్లని నేలలో వేరు భాస్వరం లాగలేకపోతుంది. నేలలో ఉన్నా అందదు. ఎండలు తిరిగాక దానంతటదే పచ్చబడుతుంది.

కరివేపాకు నిద్రపోతోంది. పదమూడు, పద్నాలుగు డిగ్రీల కంటే తగ్గిన రాత్రిళ్ళు వరసగా వస్తే అది ఆకు పసుపెక్కించి రాల్చుకుని కూర్చుంటుంది. గోటితో కాండం గీరి చూడండి, లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది. కుండీని పడమర ఎండ కొట్టే గోడకి ఆనించి పెట్టండి, గోడ పగలు దాచుకున్న వేడి రాత్రి దానికి ఇస్తుంది. నీళ్ళు వారానికోసారి, అదీ పైమట్టి పొడిగా ఉంటేనే. ఆకు రాలిందని రోజూ నీళ్ళు పోస్తారు చూడండి, కరివేపాకు చావు చాలా ఇళ్ళల్లో అలాగే వస్తుంది. ఎరువు అసలు వద్దు. ఫిబ్రవరి చివర్లో కొనలు నాలుగు వేళ్ళ మేర తుంచి, గుప్పెడు గత్తం, అంటే పశువుల ఎరువు, వేయండి. మజ్జిగ నీళ్ళు పోస్తే వస్తుందని మా అత్తగారు పోసేవారు. వచ్చేది. నేను పోయకపోయినా వస్తోంది.

మీ జాగా ఎటువైపో చెప్పలేదు. ఇల్లు దక్షిణాన, పెరడు ఉత్తరాన ఉంటే కొంచెం చిక్కే. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి ఒరుగుతాడు. మన అక్షాంశంలో మిట్టమధ్యాహ్నం కూడా ఆకాశంలో సగం ఎత్తుకి వస్తాడు, అంతే. పది అడుగుల గోడ నీడ పన్నెండు గంటలకి కూడా తొమ్మిది అడుగులు పడుతుంది. గోడ పక్కన ఆ తొమ్మిది అడుగుల్లో చలికాలం పుదీనా, పాలకూర తప్ప ఏమీ పెట్టకండి. బఠాణీ, కాలీఫ్లవరు అవతలికి జరగాలి. ఒకరోజు తీరిక చేసుకుని తొమ్మిదింటికి, పన్నెండింటికి, మూడింటికి నీడ ఎక్కడిదాకా ఉందో పుల్లలు గుచ్చండి. కుండీల రంగు గురించి చూపించే శ్రద్ధ దీనిమీద పెడితే చాలు.

రెండోది వాలు. చల్లగాలి బరువైనది, నీళ్ళలాగే పల్లానికి జారుతుంది. ఇక్కడివాళ్ళు జోలా అనే పల్లపు భూముల్లో పొగమంచు ముందు పేరుకోవడం మీరు బస్సులోంచి చూసే ఉంటారు. మీ పెరట్లో కూడా పల్లపు మూల ఒకటి ఉంటుంది. అక్కడ ప్రహరీ ఉంటే చలి దిగి ఆ గోడకి కట్టుకుని నిలిచిపోతుంది. మాకు ఆ మూలలో రెండేళ్ళు మిరప పోయింది. గోడ అడుగున రెండు ఇటుకలు తీయించాం, గాలి బయటికి పోయింది. ఎలుకలు లోపలికొచ్చాయి, అది వేరే కథ.

మూడోది మట్టి, దీని మీద కొంచెం ఎక్కువ చెప్తాను. చలిని అందరూ తిడతారు, మట్టిని ఎవరూ అడగరు. మన ఎర్రమట్టి పులుపు మట్టి. ఏటా దాదాపు 1500 మిల్లీమీటర్ల వాన సున్నం, మెగ్నీషియం కడుక్కుపోయి, పులుపు కొలిచే పీహెచ్ (ఏడుకి తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 5 నుంచి 6 మధ్య ఉంటుంది. క్యాబేజీ కుటుంబానికి, బఠాణీకి, పాలకూరకి, బీట్‌రూట్‌కి ఆరు దాటాలి. పాలకూర మొలిచి రెండాకుల మీద పసుపుగా ఆగిపోతే చాలామంది చలి అనుకుంటారు, చాలాసార్లు అది పులుపు. పెరట్లో నాలుగైదు చోట్ల జానెడు లోతున మట్టి తీసి, కలిపి, నీడన ఆరబెట్టి అర కిలో సిమిలిగుడలోని కృషి విజ్ఞాన కేంద్రానికి పట్టుకెళ్ళి చూపించండి.

పులుపు ఉంటే వ్యవసాయ సున్నం (కాల్చని సున్నపురాయి పొడి) చదరపు మీటరుకి 200 గ్రాములు చల్లి, బెత్తెడు లోతు కలిసేలా తవ్వి, మూడు నాలుగు వారాలు వదిలేయాలి. డోలమైట్ దొరికితే ఇంకా మంచిది, మెగ్నీషియం కూడా ఇస్తుంది. గత్తంతో కలిపి ఒకేసారి వేయకండి, నత్రజని ఘాటై గాలికి పోతుంది. ముందు సున్నం, నెల తర్వాత గత్తం. నేను మొదటి ఏడాది గోడలకి వేసే కాల్చిన సున్నం మిగిలిందని, నారు ఉన్న మడిలోనే గుప్పిళ్ళతో చల్లాను. రెండు రోజుల్లో నారంతా మాడిపోయింది. కాల్చిన సున్నం ఘాటు ఎక్కువ. వంద గ్రాముల వ్యవసాయ సున్నం చేసే పని అది 56 గ్రాములతోనే చేస్తుంది. మరొకటి, బంగాళదుంప వేసే మడికి సున్నం వద్దు, దుంప మీద గజ్జి మచ్చలు వస్తాయి. ఎముకల పొడి మన పులుపు నేలలో చక్కగా కరుగుతుంది, భాస్వరానికి అది చాలు. కట్టెపొయ్యి బూడిద ఉంటే పారేయకండి, అదీ సున్నం చుట్టమే.

వచ్చే ఏడాదికి అసలు పంటలు ఇవి. ఇక్కడ మీకు మైదానంలో దొరకని భోగం ఉంది.

కాలీఫ్లవరు దగ్గర అందరూ దెబ్బతింటారు, కాబట్టి ముందు అదే చెప్తాను. కాలీఫ్లవరులో తొందర రకాలు, మధ్య రకాలు, ఆలస్యపు రకాలు అని వేరు వేరుగా ఉంటాయి. తొందర రకం వెచ్చదనంలోనే పువ్వు కడుతుంది. దాన్ని ఆలస్యంగా వేస్తే మొక్కకి ఒళ్ళు రాకముందే చలి తగిలి రూపాయి బిళ్ళంత పువ్వు వేసి ఊరుకుంటుంది. బొత్తాంలాంటి ఆ పువ్వు చూసి ఎరువు తక్కువైందనుకుంటాం. స్నోబాల్ జాతి ఆలస్యపు రకాలు, పూసా స్నోబాల్ కె-1 లాంటివి, 10 నుంచి 16 డిగ్రీల మధ్య గట్టి తెల్లని పువ్వు కడతాయి. అవి మన డిసెంబరు, జనవరి కోసమే పుట్టినట్టుంటాయి. సెప్టెంబరులో నారు పోసి అక్టోబరులో నాటండి. విత్తనాల పొట్లం మీద రకం పేరు లేకపోతే కొనకండి. పువ్వు కోడిగుడ్డంత అయ్యాక దాని ఆకుల్నే పైకి మడిచి అరటినారతో కట్టండి, పసుపెక్కదు. పువ్వు గోధుమరంగు తిరిగి, కాడ కోస్తే లోపల బోలుగా ఉంటే బోరాన్ లోటు. చదరపు మీటరుకి ఒక గ్రాము బోరాక్స్ నీళ్ళలో కలిపి నాటే ముందు పోయాలి. ఒక గ్రామే, చెంచాలతో కాదు. బోరాన్ ఎక్కువైతే విషం.

బఠాణీ అక్టోబరు నడిమి నుంచి నవంబరు మొదటి వారం దాకా వేయొచ్చు. అర్కెల్ పొట్టి రకం, రెండు నెలలు దాటేసరికి కాయ వస్తుంది. కందికట్టెలు గుచ్చితే వాటిని పట్టుకుని లేస్తుంది. మొక్కకి చలి ఓర్పు ఉంది గానీ పువ్వుకి లేదు, గడ్డి తెల్లబడే రాత్రి పువ్వు రాలుతుంది. అందుకే ఒకేసారి కాకుండా పది రోజుల తేడాతో రెండు విడతలు వేస్తాను. మడి దగ్గరే నిలబడి ఒలుచుకు తిన్న పచ్చిబఠాణీ తీపి సంతలో కొన్నదానికి ఉండదు. కోసిన గంట నుంచే దాని చక్కెర పిండిగా మారుతూ ఉంటుంది.

క్యారెట్ నారు పోసి నాటేది కాదు. నేరుగా మడిలో గింజ. మన మట్టిలో రాళ్ళు ఎక్కువ, జానెడు ఎత్తు మడి కట్టి రాళ్ళు ఏరితేనే దుంప తిన్నగా దిగుతుంది. పచ్చి గత్తం వేస్తే రెండు కాళ్ళు, మూడు కాళ్ళు వేస్తుంది. గింజని పిడికెడు ఇసకతో కలిపి గీతలో వేసి, మొలిచేదాకా తడి గోనెసంచి కప్పి ఉంచండి. పది, పదిహేను రోజులు పడుతుంది, అయిదో రోజు నుంచీ సంచి ఎత్తి చూడాలనిపిస్తుంది. మొలిచిన రోజే సంచి తీసేయాలి. మొక్కకి మొక్కకి మూడు వేళ్ళ దూరం ఉండేలా పలచన చేయండి, ప్రాణం ఒప్పదు, అయినా చేయండి. బీట్‌రూట్‌కీ అంతే, అది చూడటానికి ఒక గింజ, లోపల రెండు మూడు ఉంటాయి.

క్యాబేజీ, నూల్‌కోల్, ముల్లంగి, పాలకూర, మెంతి పెద్దగా చెప్పాల్సినవి కావు. అక్టోబరుకి మడిలో ఉంటే చాలు. నూల్‌కోల్‌ని సంతలో ఓల్‌కోబి అని అడగండి. క్యాబేజీ మడి చుట్టూ పదిహేను రోజుల ముందు ఆవాలు చల్లితే పేనుబంక, ఆకుతినే పురుగు ముందు దాని మీద వాలతాయి. ఆవమొక్కలకి వేపనూనె కొట్టి అక్కడే ఆపొచ్చు. సంక్రాంతి చిక్కుడు జూన్, జూలైలో కంచెకి పెట్టాలి. అదీ గోంగూర లాగే పగలు తగ్గితే పూసేదే, కాకపోతే మనకి కావాల్సింది ఆ పూతే. వెల్లుల్లి రెబ్బలు అక్టోబరులో. మైదానంలో గడ్డ కట్టని వెల్లుల్లి ఇక్కడ చలికి గడ్డ కడుతుంది.

వాసన మొక్కల్లో మనింటివి చాలావరకు చలికి భయస్థులే. తులసి చలికి నల్లబడుతుంది. కోటలోని మొక్క మీద రాత్రి పూట పాత పంచె కప్పండి, ఈలోపల గింజలు ఒక పొట్లంలో దాచండి. వాము ఆకు కుండీని వసారాలోకి మార్చి నీళ్ళు దాదాపు మానేయండి, తడి చలికి దాని కాడ కుళ్ళుతుంది. పుదీనా మందగిస్తుంది గానీ చావదు. వీటికి బదులు చలినే కోరే మొక్కలు పెట్టండి. దవనం నవంబరులో చల్లితే ఫిబ్రవరికి జడలోకి వస్తుంది. మరువం కొమ్మ గుచ్చితే పడుతుంది. రోజ్‌మేరీ, థైమ్ చలిని ఇష్టపడతాయి గానీ మన వర్షాకాలం వాటికి పడదు. జూలై, ఆగస్టుల్లో వేరు కుళ్ళి పోతాయి. మట్టిలో సగం ఇసక కలిపిన కుండీలో పెట్టి వానాకాలం చూరు కిందికి జరపండి. మా రోజ్‌మేరీకి తొమ్మిదేళ్ళు. కోడికూరలో రెండు రెమ్మలు వేస్తే మా ఆయన అగరొత్తి పడిందా అని అడిగారు, అప్పటి నుంచి అది బంగాళదుంప వేపుడులోకే.

చలి రాత్రుల కప్పు గురించి అడిగారు. వెదురు బద్దలు విల్లులా వంచి మడి మీద గుచ్చి, పైన పాత నూలు చీర గానీ పంచె గానీ కప్పండి. ప్లాస్టిక్ షీటు కప్పితే అది ఆకుకి తగలకూడదు. నేను మొదట్లో వంకాయ మొక్కల మీద నేరుగా పాలిథీన్ పరిచాను, తగిలిన ప్రతి ఆకూ తెల్లారేసరికి నల్లబడింది. సాయంత్రం అయిదింటికి, నేలలో వేడి ఉండగానే కప్పాలి. చీకటి పడ్డాక కప్పితే చలిని లోపల పెట్టి కప్పినట్టే. పొద్దున్న ఎండ తగలగానే తీసేయాలి, లేకపోతే లోపల ఉడికిపోతుంది. కప్పబోయే రోజు మధ్యాహ్నం మడి తడపండి. తడినేల పొడినేల కన్నా ఎక్కువ వేడి దాచుకుంటుంది. మామూలు రోజుల్లో మాత్రం నీళ్ళు పది గంటల తర్వాతే, మొక్క మొదలు దగ్గరే, ఆకు తడవకుండా. తెల్లవారి ఏడింటికి ట్యాంకు నీళ్ళు మీ చేతికే ఒప్పవు, వేరుకి ఎలా ఒప్పుతాయి?

ఈ వారం మీరు చేయాల్సింది కొంచెమే. బెండ, తోటకూర పీకేయండి. మట్టి చూపించి, ఖాళీ మడులకి సున్నం వేయండి, శివరాత్రి నాటికి సిద్ధమవుతాయి. టమాటా, వంగ, మిరప నారు ఒక ట్రేలో పోసి కిటికీ దగ్గర పెట్టండి. కొత్తిమీర, మెంతి, ముల్లంగి ఇప్పటికీ వేయొచ్చు, మెల్లగా వస్తాయి. గోంగూర మాత్రం పీకకండి. పూసింది కాబట్టి కాయ ముదిరి ఎండనివ్వండి. నాలుగు మొక్కల గింజ చాలు మీ మూడు సెంట్లకి, జూన్లో వేసుకోవచ్చు. ఎండిన కాయల మీద నూగు చేతికి గుచ్చుకుంటుంది, గుడ్డ చుట్టుకుని కోయండి.